ఔట్‌బ్యాక్ దారుల కోసం ఇంటి షెడ్డులో కట్టుకున్న క్యాంపర్ ట్రైలర్

ఆఫ్‌రోడ్ ట్రైలర్ అనగానే, అంటే టెంటూ వంటసామానూ పెట్టుకుని కారు వెనక మట్టిదారుల్లో లాక్కెళ్ళే బండి అనగానే, చాలామందికి బండరాళ్ళు ఎక్కడం, వాగులు దాటడం, బురదలో కూరుకుపోవడం గుర్తొస్తాయి. మేముండే దక్షిణ ఆస్ట్రేలియాలో, ఔట్‌బ్యాక్ అనే లోపలి ఎడారి ప్రాంతంలో ట్రైలర్లను ఎక్కువగా పాడుచేసేది అవేవీ కావు. గంటల తరబడి ఆగకుండా కొట్టే అదురు, సరిగ్గా పంచని బరువు, సందు దొరికితే చాలు లోపలికి దూరే ఎర్రదుమ్ము. అడిలైడ్‌లో మా ఇంటి వెనక షెడ్డులో ట్రైలర్ కడుతున్నంతకాలం ఏ నిర్ణయం తీసుకోవాలన్నా వీటి దగ్గరికే వచ్చి ఆగాను. ఇలాంటిది కట్టాలనుకునే తెలుగువాళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నారు, అప్పుడప్పుడు ఫోన్లు చేసి అడుగుతుంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాకొక పాత టయోటా ప్రాడో కారు ఉంది. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు మామూలు టెంటు సరిపోయేది. అమ్మానాన్న ఇక్కడికి వచ్చినప్పుడు మాత్రం వాళ్ళను చలిలో నేలమీద పడుకోబెట్టలేం కదా. షోరూముల్లో చూస్తే, నిజంగా ఈ దారుల కోసం కట్టినవి మాకు అందే ధరలో లేవు. చవకగా దొరికేవి ఎలా ఉంటాయో ఒక స్నేహితుడి దగ్గర చూశాను. ఫ్లిండర్స్ కొండల నుంచి వస్తుంటే వాళ్ళ ట్రైలర్‌కు కమాన్ కట్టను పట్టి ఉంచే హ్యాంగర్ ఊడింది. పట్టీలతో బిగించి కట్టుకుని, నడక వేగంతో హాకర్ అనే ఊరి దాకా తెచ్చుకున్నారు. ఊడిన చోటు తర్వాత నేను దగ్గరగా చూశాను. వెల్డింగ్ పైకి అందంగా, వరసగా పరుచుకుని ఉంది. కింది ఇనుములోకి మాత్రం దిగనే లేదు. పెయింటు కింద అది ఎవరికి కనిపిస్తుంది?

నేను మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి. ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌లో పనిచేస్తున్నాను. వెల్డింగ్ కొంచెం వచ్చు గానీ మనుషుల ప్రాణాలు ఆధారపడే పనికి ఆ కొంచెం చాలదనిపించి, టేఫ్ అనే ఇక్కడి ప్రభుత్వ వృత్తివిద్యా సంస్థలో సాయంత్రం కోర్సులో చేరాను. అక్కడ అతికిన ముక్కల్ని కోసి, వెల్డు ఎంత లోతుకు దిగిందో చూపించేవారు. వంచి విరగ్గొట్టి చూపించేవారు. ఆ కోర్సు పూర్తయ్యాకే ఇనుము కొన్నాను.

ముందుగా ఆ దారుల సంగతి చెప్పాలి. మట్టిదారిలో చక్రాలు ఎగిరి పడుతూ పోగా పోగా దారికి అడ్డంగా, వరసగా చిన్న చిన్న గట్లు లేస్తాయి. ఇక్కడ వాటిని కారుగేషన్లు అంటారు. గట్టుకూ గట్టుకూ మధ్య ముప్పావు మీటరు దూరం ఉందనుకోండి. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు పాతిక దెబ్బలు, గంటకు తొంభై వేలు. మర్రీ నుంచి మార్లా దాకా ఊడ్నడాటా ట్రాక్ దాదాపు 620 కిలోమీటర్లు. ఒక్క పెద్ద గుంతలో పడితే ఇనుము వంగుతుందేమో, అది కంటికి కనిపిస్తుంది. ఈ చిన్న దెబ్బలు లక్షల్లో పడితే ఇనుము వంగకుండానే చిట్లుతుంది. బోల్టులు వాటంతట అవే తిరిగి ఊడతాయి, వైర్ల తొడుగు రాసుకుని రాసుకుని అరిగిపోతుంది.

ఇక చట్టం. ఆస్ట్రేలియాలో ఏటీఎం 4.5 టన్నుల లోపు ట్రైలర్ల తయారీకి వీఎస్‌బీ 1 అనే జాతీయ నియమావళి ఉంది. ఉచితంగా దొరుకుతుంది, కూర్చుని చదివితే అర్థమవుతుంది. ఏటీఎం అంటే కారు నుంచి విప్పి నిలబెట్టినప్పుడు సామానుతో సహా ట్రైలర్ మొత్తం బరువు. జీటీఎం అంటే కారుకు తగిలించినప్పుడు ట్రైలర్ చక్రాల మీద పడే బరువు మాత్రమే. జీటీఎం 750 కిలోలు దాటితే బ్రేకులు తప్పనిసరి. 2,000 దాటితే అన్ని చక్రాలకూ బ్రేకులు ఉండాలి, ట్రైలర్ కారు నుంచి విడిపోతే వాటంతట అవే పడాలి. 2021 జూలై 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, ఇంట్లో కట్టిన ట్రైలర్ కూడా కేంద్ర ప్రభుత్వ రిజిస్టరులో చేరాలి. సొంతానికి ఒకటీ అరా కట్టుకునేవాళ్ళకు రోవర్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకునే దారి ఉంది. ఈ కాగితాల పని ఇనుము కోయకముందే మొదలుపెట్టండి. కొలతలు, బరువులు, బ్రేకుల వివరాలు అన్నీ అడుగుతారు కాబట్టి డ్రాయింగ్ దానంతట అదే పక్కాగా తయారవుతుంది.

నా లెక్క ఇలా వేసుకున్నాను. సామానుతో సహా మొత్తం 1,100 కిలోలు మించకూడదు. ప్రాడో దీనికి రెట్టింపు లాగగలదు, కానీ ఇసుకలో, ఎత్తుల్లో ప్రతి కిలో బరువూ ఇంజను మీద తెలుస్తుంది. ఈ 1,100లో దాదాపు పదో వంతు, అంటే 110 కిలోలు కారు హిచ్ మీద, అంటే ట్రైలర్‌ను తగిలించే కొక్కెం మీద పడాలి. అంతకంటే బాగా తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, ఒక్కోసారి కారునే తిప్పేస్తుంది. మరీ ఎక్కువైతే కారు వెనకభాగం కుంగి, ముందు చక్రాల పట్టు తగ్గుతుంది.

మా మామయ్యకు తెనాలి దగ్గర ట్రాక్టరు ట్రక్కులు తయారుచేసే షెడ్డు ఉండేది. వీడియో కాల్‌లో నా డ్రాయింగ్ చూపిస్తే ఆయన ముందుగా అడిగింది ఇరుసు ఎక్కడ పెడుతున్నావనే. "మొగ్గు ముందుకే ఉండాలిరా అల్లుడూ. ఎంత మొగ్గన్నదే లెక్క. ఎడ్లబండికి వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు బిగుస్తుంది, ముందెక్కువైతే మెడలు కుంగిపోతాయి. నీ కారుకైనా అంతే" అన్నాడు.

లెక్క నిజానికి చాలా తేలిక. మొత్తం బరువును, బరువు కేంద్రం ఇరుసుకు ఎంత ముందుందో ఆ దూరంతో హెచ్చించి, హిచ్ నుంచి ఇరుసుకు ఉన్న దూరంతో భాగించాలి. నా ట్రైలర్‌లో హిచ్ నుంచి ఇరుసు 3.2 మీటర్లు. బరువు కేంద్రం ఇరుసుకు 32 సెంటీమీటర్లు ముందుంటే హిచ్ మీద సరిగ్గా 110 కిలోలు. చక్రాల మీద మిగతా 990 పడతాయి, అంటే బ్రేకులు కావాలి.

ఈ లెక్కలో కష్టమంతా మారే బరువులతోనే. నీళ్ళ ట్యాంకు 70 లీటర్లది. దాన్ని ముందు నొగ మీద, ఇరుసుకు 1.6 మీటర్ల ముందు పెడితే, నీళ్ళు అయిపోయేసరికి హిచ్ మీద 35 కిలోలు తగ్గిపోతాయి. అదే ఇరుసుకు 30 సెంటీమీటర్ల ముందు పెడితే తేడా ఏడు కిలోలు కూడా ఉండదు. అందుకే ట్యాంకును ఇరుసు పక్కనే ఛాసిస్ మధ్యలో బిగించి, రాళ్ళు తగలకుండా కింద రేకు వేశాను. మారని బరువులు ఎక్కడున్నా ఒకసారి లెక్క వేస్తే సరిపోతుంది. నీళ్ళు, గ్యాసు, తిండి లాంటివి ఇరుసుకు ఎంత దగ్గరుంటే అంత మంచిది. కాగితం మీద ప్రతి వస్తువు బరువూ, దూరమూ రాసుకుని పట్టిక వేశాను. ఫ్రిజ్, బ్యాటరీ, పరుపు, చివరికి బియ్యం డబ్బా కూడా అందులో ఉన్నాయి.

ఛాసిస్‌కు 100×50×3 మిల్లీమీటర్ల గొట్టం వాడాను, ముందు నొగలకు అదే సైజులో 4 మిల్లీమీటర్ల మందం. నొగలు ఏ ఆకారంలో ఉండాలో ఇక్కడ విరిగిన ట్రైలర్లన్నీ చెబుతాయి. చాలావాటిలో నొగ ఛాసిస్ ముందు అడ్డపట్టీ దగ్గరే ఆగిపోతుంది. అదురంతా ఆ ఒక్క మూలలో చేరి అక్కడే చిట్లుతుంది. నా నొగలను ఛాసిస్ కింది నుంచి వెనక్కి పోనిచ్చి, కమాన్ కట్ట ముందు హ్యాంగర్ దాకా తీసుకెళ్ళాను. కారు లాగే లాగుడు నేరుగా ఇరుసు దాకా చేరుతుంది, మధ్యలో ఏ ఒక్క అతుకూ మొత్తం భారం మోయక్కర్లేదు.

వెల్డింగ్‌లో నేను ఖచ్చితంగా పాటించిన నియమం: పొడవు గొట్టాల పైముఖం మీద, కిందిముఖం మీద అడ్డంగా వెల్డు వేయలేదు. ఛాసిస్ వంగుతూ లేస్తూ ఉంటే లాగుడూ నొక్కుడూ ఎక్కువగా పడేది ఆ రెండు ముఖాల మీదే. అక్కడ అడ్డంగా వెల్డు ఉంటే దాని అంచున ఇనుము కాలి బలహీనపడి ఉంటుంది, చిట్లడం అక్కణ్ణించే మొదలవుతుంది. పట్టీలన్నీ పక్క ముఖాలకే, పొడవునా సాగే వెల్డుతో అతికాను. హ్యాంగర్ల దగ్గర చేప ఆకారంలో కోసిన పలకలు వేశాను, కొనలు సన్నబడుతూ పోతాయి కాబట్టి గట్టిదనం ఒక్కసారిగా ఆగిపోదు. ముందు అన్నీ చుక్క వెల్డులతో నిలబెట్టి, రెండు మూలలూ కలిపే ఐమూల కొలతలు సమానమయ్యేదాకా సరిచేసి, ఆ తర్వాత ఎదురెదురు మూలల్లో మార్చి మార్చి అతికాను. ఒకవైపే వేసుకుంటూ పోతే వేడికి ఛాసిస్ మెలి తిరుగుతుంది.

పెయింటు కాకుండా హాట్ డిప్ గాల్వనైజింగ్ చేయించాను. ఛాసిస్ మొత్తాన్ని సుమారు 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచుతారు. గొట్టం లోపలా బయటా జింకు పడుతుంది కాబట్టి లోపల్నుంచి తుప్పు పట్టదు. దీనికి ప్రతి గొట్టానికీ రెండు కొనల దగ్గరా రంధ్రాలు ఉండాలి. ఎక్కడైనా మూసుకుపోయిన గొట్టంలో చెమ్మ ఉంటే ఆ వేడికి ఆవిరై గొట్టం పేలిపోతుంది, అక్కడ పనిచేసేవాళ్ళ ప్రాణాలకే ప్రమాదం. రంధ్రాలన్నీ సుద్దముక్కతో గుర్తుపెట్టి చూపించాకే తీసుకున్నారు. ఇంకొకటి, గాల్వనైజ్ అయిన ఇనుము మీద మళ్ళీ వెల్డింగ్ పెట్టుకోవద్దు. జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, పూత కూడా పోతుంది. బ్యాటరీ పెట్టె, గ్యాసు బండ, లైట్లు, షాకబ్జార్బర్లు, మడ్‌గార్డులు వీటన్నిటి బ్రాకెట్లూ ముందే అతికేశాను. తిరిగొచ్చాక మరల రంధ్రాల్లో గట్టిపడిన జింకును మరలు కోసే పనిముట్టుతో (ట్యాప్) తీయడానికి ఒక పూటంతా పట్టింది. ఎండలో వెండిలా మెరుస్తున్న ఆ ఛాసిస్‌ను చూసి మా ఆవిడ "దీనికి రంగు వేయొద్దు, ఇలాగే ఉంచండి" అంది. అలాగే ఉంచాం.

సస్పెన్షన్ విషయంలో రెండు దారులున్నాయి. ఒకటి కాయిల్ స్ప్రింగులతో విడివిడిగా ఊగే చేతులు, రెండోది పాత పద్ధతి కమాన్ కట్టలు, ఒకే ఇరుసు. మొదటిది మెత్తగా ఉంటుంది, కింద ఖాళీ ఎక్కువ. నేను కమాన్ కట్టలకే వెళ్ళి, షాకబ్జార్బర్లు జోడించాను. ఎడారిలో ఒక పలక విరిగితే ఏ రోడ్‌హౌస్‌లోనైనా, ఏ పశువుల ఫారంలోనైనా దాన్ని బాగుచేయగల మనిషి దొరుకుతాడు. నాకు అదే ముఖ్యం. చక్రాలు కూడా ప్రాడోవే, ఆరు బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల వలయం, అదే టైరు సైజు. కారు స్టెప్నీ ట్రైలర్‌కు పనికొస్తుంది, ట్రైలర్‌ది కారుకు పనికొస్తుంది. రెండు చక్రాల మధ్య దూరం కూడా కారుతో సమానంగా పెట్టడంవల్ల ఇసుకలో కారు తొక్కిన గాడిలోనే ట్రైలర్ నడుస్తుంది. హిచ్‌కు మామూలు 50 మిల్లీమీటర్ల గుండు (బాల్) కాకుండా అన్ని వైపులా తిరిగే ఆఫ్‌రోడ్ కప్లింగ్ వేశాను. బాల్ కొంతవరకే మెలి తిరుగుతుంది, వాగులో కారు ఒకవైపు, ట్రైలర్ ఒకవైపు ఒరిగితే దానికి హద్దు దాటుతుంది.

పైన పెట్టె అల్యూమినియం. ఇక్కడే దుమ్ముతో అసలు పోరు. నడుస్తున్న ట్రైలర్ వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, కాబట్టి వెనక తలుపు సందుల్లోంచి దుమ్ము లోపలికి పీల్చుకుంటుంది. ఎంత మంచి రబ్బరు వేసినా ఆ పీల్పును పూర్తిగా ఆపడం కష్టం. మందు ఏమిటంటే ముందువైపు ఎత్తులో, దుమ్ము తక్కువున్న చోట ఫిల్టరుతో ఒక గాలి మార్గం పెట్టడం. బండి నడుస్తున్నంతసేపూ లోపల ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువుంటుంది, సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. రబ్బర్లు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడటానికి మా అమ్మాయిని లోపల కూర్చోబెట్టి, రాత్రిపూట షెడ్డు లైట్లు ఆర్పేసి తలుపులు మూసి, బయటి నుంచి సందుల వెంట టార్చి వేశాను. ఎక్కడెక్కడ వెలుతురు గీత కనిపించిందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు. "నాన్నా, కింద మూలలో చూడు, పెద్దగా వస్తోంది" అని లోపల్నుంచి అరుస్తూ తనే ఎక్కువ చోట్లు పట్టుకుంది. ఆ మూల తలుపు కడ్డీ రెండు మిల్లీమీటర్లు వంగి ఉంది, కంటికి తెలియనంతగా.

టెంటు ఇక్కడి ఒక కుట్టుపనివాడితో కొలతలిచ్చి కుట్టించాను, మందపాటి కాన్వాస్. కొత్త కాన్వాస్‌ను వాడకముందే రెండుమూడుసార్లు బాగా తడిపి ఆరబెట్టాలి. నూలు ఉబ్బి సూది రంధ్రాలు మూసుకుంటాయి, అప్పుడే కుట్ల దగ్గర నీళ్ళు కారవు.

కరెంటు పని క్లుప్తంగా చెబుతాను. 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, కారు కరెంటుతో దాన్ని నింపే 25 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్, పైన సోలార్ పలక. 40 లీటర్ల ఫ్రిజ్, లైట్లు, నీళ్ళ పంపు దీనితో హాయిగా నడుస్తాయి. కొనేటప్పుడు జాగ్రత్తపడాల్సింది వైరు దగ్గర. ఇక్కడ 6 ఎంఎం ఆటో కేబుల్ అని అమ్మేదానిలో ఆ ఆరు తొడుగుతో కలిపిన లావు. లోపల రాగి సుమారు 4.6 చదరపు మిల్లీమీటర్లే. కారు బ్యాటరీ నుంచి ట్రైలర్‌కు ఎనిమిది మీటర్లు, పోనూ రానూ పదహారు. 25 ఆంపియర్లకు అందులో ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంది. 13.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌లో అర వోల్టే పోతుంది. నేను రెండోదే వేశాను, అదురుకు రాసుకోకుండా పొడవునా తొడుగులోంచి తీసుకెళ్ళి, ఛాసిస్‌కు ప్రతి జానెడుకూ పట్టీ బిగించాను.

వంటగది పక్కకి లాగే డ్రాయరు. ఇక్కడ అమ్మే రెడీమేడ్ వాటిలో పొయ్యిలు చిన్నవి, మన ఐదు లీటర్ల కుక్కరు, దోశ పెనం పక్కపక్కన పట్టవు. వాటినే ముందు బల్లమీద పెట్టి కొలుచుకుని, దాని ప్రకారం డ్రాయరు కట్టాను. పొయ్యికి మూడువైపులా మడిచే రేకు ఉంది, ఎడారి గాలికి అది లేకపోతే పప్పు ఉడకదు. ఆవకాయ సీసాలు నిషేధం. గాజు పగలకపోయినా అదురుకు మూత మెల్లగా వదులై నూనె డ్రాయరంతా పాకుతుంది. స్టీలు డబ్బా, రబ్బరు వలయం, క్లిప్పు మూత.

తనిఖీకి ముందు తూకం బ్రిడ్జి మీదికి తీసుకెళ్ళాను. నీళ్ళు, సామాను నింపి తూచితే మొత్తం 1,070 కిలోలు, హిచ్ మీద 112. నా పట్టికతో ఎంత దగ్గరగా కుదిరిందో చూసి అక్కడి నుంచే మామయ్యకు ఫోన్ చేశాను. "బ్రేకులు చూసుకో ముందు" అన్నాడు. తనిఖీ అధికారి కూడా ఎక్కువసేపు చూసింది బ్రేకులు, సేఫ్టీ చైను, లైట్లు, రిఫ్లెక్టర్లు, బండి గుర్తింపు సంఖ్య ఉండే వీఐఎన్ పలక. చైను మీద ప్రమాణం గుర్తు ఉందా లేదా అని వంగి మరీ చదివాడు.

మొదట ఫ్లిండర్స్ దాకా వెళ్ళొచ్చి, తర్వాత అమ్మానాన్నలతో మర్రీ, విలియం క్రీక్ మీదుగా ఊడ్నడాటా వెళ్ళాం. తారురోడ్డు అయిపోయాక టైర్ల గాలి 38 నుంచి 27 పీఎస్ఐకి దించాను. అదురు సగానికి తగ్గినట్టనిపించింది. బోల్టుల మీద ముందే తెల్లరంగు గీతలు గీసి పెట్టుకున్నాను, గీత తప్పితే బోల్టు తిరిగినట్టు లెక్క. ఆగిన ప్రతిచోటా ఒక చుట్టు చుట్టేవాణ్ణి: గీతలు, చక్రం మధ్యభాగం వేడి, షాకబ్జార్బర్ల వేడి. కమాన్ కట్టల యూ-బోల్టులు మొదటి వంద కిలోమీటర్లకే కొంచెం వదులయ్యాయి, కొత్తవాటికి అది మామూలే. బిగించాక మళ్ళీ కదల్లేదు. కౌవర్డ్ స్ప్రింగ్స్‌లో ఖర్జూరచెట్ల పక్కన రెండు రాత్రులున్నాం. అది పాత ఘాన్ రైలుమార్గం మీది స్టేషను, ఆ లైను 1980లో మూసేశారు. భూమిలోంచి ఉబికే గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నాన్న లేవనంటే లేవనన్నారు. అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే డబ్బాలు తెరిచి చూసేది, బియ్యంలో, పిండిలో ఎర్రదుమ్ము కనిపిస్తుందేమోనని. లేదు.

ఇంటికొచ్చాక చక్రాలు విప్పి, హ్యాంగర్లు, నొగలు, కప్లింగ్ చుట్టూ ఉన్న వెల్డులన్నిటికీ డై పరీక్ష చేశాను. ఎర్రటి రంగు కొట్టి, తుడిచి, పైన తెల్లపొడి చల్లితే, చిట్లినచోట వెంట్రుకంత ఎర్రగీత పైకి తేలుతుంది. ముఖ్యమైన చోట్లన్నీ తెల్లగానే ఉన్నాయి. ఎడమ మడ్‌గార్డు ఊతకడ్డీ మూలలో మాత్రం గీత తేలింది. మడ్‌గార్డు తేలికే గానీ అంచున స్వేచ్ఛగా అదురుతుంది, ఆ అదురంతా ఆ కడ్డీ మోయాల్సి వచ్చింది. ఇప్పుడు రెండువైపులా రబ్బరు బుష్షుల మీద బిగించాను, కాబట్టి అదురు కడ్డీ దాకా రాదు.

వచ్చే చలికాలం బర్డ్స్‌విల్ ట్రాక్ అనుకుంటున్నాం, మర్రీ నుంచి 500 కిలోమీటర్లకు పైమాటే. మధ్యలో డీజిల్ దొరికేది ముంగరానీలోనే, కాబట్టి రెండు ఇరవై లీటర్ల డబ్బాలు కూడా మోయాలి. నింపితే రెండూ కలిపి 40 కిలోల దాకా ఉంటాయి. ముందు నొగ మీద, ఇరుసుకు రెండు మీటర్ల ముందు పెడితే హిచ్ మీద 25 కిలోలు పెరుగుతాయి, పైగా మొత్తం 1,100 దాటుతుంది. అందుకే స్పేర్ గుడారం, కుర్చీలు ఇంట్లో వదిలేసి, పనిముట్ల పెట్టెను ముందు నుంచి ఇరుసు పక్కకు జరుపుతున్నాను. డబ్బాలకు తాళం పడే బ్రాకెట్ ఈ వారం బోల్టులతో బిగించాలి.